నేను మోసుకొచ్చిన గూడు

మా అత్తగారు నాతో మొట్టమొదటిసారి నేరుగా మాట్లాడిన రోజున నా చేతిలో చచ్చిన కోడిపిల్ల ఉంది. అంతకుముందు తొమ్మిదేళ్ల పాటు ఆమె నాకు చెప్పదలచుకున్నదంతా మా ఆవిడతోనో, కోళ్లతోనో, కొన్నిసార్లు గోడతోనో చెప్పేది. అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడకపోవడం ఆ ఇంటి మర్యాద కాబోలని మొదట్లో అనుకున్నాను. మర్యాద కాదు. నేనంటే ఆమెకు గిట్టదు. ఆమె నాకూ గిట్టదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కనక మా మధ్య దాపరికం లేదు.

మాది నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర ఒక క్యాంపు. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను ఇక్కడ అలాగే పిలుస్తారు. వచ్చింది మా తాతయ్య. నేను పుట్టిందీ, చదివిందీ, ఉద్యోగం చేసిందీ అంతా ఈ జిల్లాలోనే. అయినా మా ఇంట్లో 'అండీ' అనడం పోలేదు. మా ఆవిడది బోధన్‌కు దగ్గర్లో ఒక పల్లె, తరతరాలుగా ఆ నేల మీదే ఉన్న కుటుంబం. ఆమె ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఇద్దరం ఇష్టపడి చేసుకున్నాం. పెళ్లిచూపుల నాడు మా అత్తగారు తలుపు వెనక నిలబడి ఒకే మాట అన్నది. "నీళ్లెంట అచ్చినోళ్లు నీళ్లెంటనే పోతరు బిడ్డా."

మామగారు పోయాక ఆమె ఒంటరిదైంది. మోకాళ్లు పట్టేశాయి. మా ఆవిడ ఒక్కతే కూతురు, పనిచేసే ఉపకేంద్రం కూడా ఆ పక్క ఊళ్లోనే. కాబట్టి బోధన్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆ పల్లెకు చేరాం. నేను అప్పటికి ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర చీటీలు రాసేవాణ్ని. చేరిన ఆరు నెలలకే మిల్లు చేతులు మారింది, కొత్తవాళ్లు తమ మనుషుల్ని తెచ్చుకున్నారు. నేను ఇంట్లో కూర్చున్నాను. ఇల్లరికం అల్లుడు ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. మా అత్తగారు ప్రొద్దున్నే కోళ్లకు నూకలు చల్లుతూ పుంజుతో మాట్లాడేది.

"తింటవు, కూస్తవు, గుడ్డు వెట్టవు. నీ అసొంటోళ్లు ఈ ఇంట్ల ఎక్కువైండ్రు."

నేను వసారాలో పేపరు పట్టుకుని కూర్చుని ఉండేవాణ్ని. పేజీ తిప్పేవాణ్ని కాదు.

ఆమెకు ఏడెనిమిది నాటు కోళ్లు ఉండేవి. వసారా అరుగు కింద రాళ్లూ మట్టితో కట్టిన చిన్న గూడు వాటి ఇల్లు. సాయంత్రం అన్నీ వంగి వంగి లోపలికి దూరేవి, ఆమె బండ అడ్డం పెట్టేది. ఏడాదికి రెండు మూడు సార్లు పెట్ట పొదిగేది. డజను పిల్లలు దిగితే నాలుగు మిగిలేవి. గద్ద ఒకటి, పిల్లి ఒకటి, ముంగిస ఒకటి, చెరకు తోటలోంచి వచ్చే పందికొక్కు ఒకటి. ఆమె దాన్ని నష్టం అనుకునేది కాదు. "ఆటి పాలు ఆటియి" అనేది, పిల్లికీ గద్దకూ రావాల్సిన వాటా వాటికి పోయినట్టు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఒకరోజు అన్నం తింటూ మా ఆవిడతో, ఆమెకు వినబడేలాగే అన్నాను.

"పద్ధతిగా పెంచితే పదింటికి తొమ్మిది బతుకుతాయి. మీ అమ్మగారిది పెంపకం కాదు, పిల్లులకు అన్నదానం."

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టిన చప్పుడు వచ్చింది. జవాబు అంతే.

నేను కోళ్లు పెంచాలని అలా, పంతానికి, నిశ్చయించుకున్నాను. కోళ్ల మీద ప్రేమ ఏమీ లేదు.

నిజామాబాద్‌లో ఒక హేచరీ నుంచి ఒక్కరోజు వయసున్న పిల్లల్ని యాభై తెచ్చాను. చిల్లులు పెట్టిన అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో బోధన్ దాకా వచ్చాను. పక్క సీటులో మరాఠీ ముసలాయన దారంతా ఆ చిల్లుల్లో వేలు పెట్టి పిల్లల్ని ఆడించాడు. చలి ఇంకా పోలేదు. పిల్లలకు వెచ్చదనం కావాలి. గాలి ఆడకుండా తలుపులు వేసుకోగలిగే గది ఆ ఇంట్లో ఒక్కటే, నడిమి గది. అక్కడ వడ్ల బస్తాలు, మా అత్తగారి సందూక పెట్టె ఉంటాయి. అట్టలతో గుండ్రంగా కంచె కట్టి, కింద ఊక పోసి, పైన కాగితాలు పరిచి, బల్బు వేలాడదీశాను.

"నా సందూక పక్కపొంటి కోడిపెంటనా?" అని ఆమె మా ఆవిడతో అన్నది. "నా పెండ్లి చీర ఉన్నది అండ్ల. రేపు నేను సస్తే అదే కప్పుండ్రి, కోళ్ల వాసనతోని పోత."

"మూడు వారాలే అవ్వా," అన్నది మా ఆవిడ.

"మూడు వారాలకు మనిషి కంపు వడ్తది."

మూడు వారాలు నేను ఆ గదిలోనే పడుకున్నాను. పిల్లలు బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడితే చలేస్తున్నట్టు, కంచె అంచుకు పోయి నోరు తెరిస్తే వేడెక్కువైనట్టు. దాన్ని బట్టి బల్బును పైకీ కిందికీ లాగేవాణ్ని. తడిసిన ఊక రోజూ తీసేవాణ్ని. పశువుల ఆసుపత్రికి వెళ్లి కంట్లో వేసే చుక్కల మందు ఐసు ముక్కల్లో పెట్టి తెచ్చి, అన్నింటికీ ఒక్కొక్క చుక్క వేశాను. నాలుగే పోయాయి, అవీ మొదటి రెండు రోజుల్లో. నలభై ఆరు మిగిలాయి. రెక్కలు వస్తున్నాయి. ఆ గర్వంతో నా నడక మారిందని మా ఆవిడ నవ్వింది.

ఇక వాటికి గూడు కావాలి. సరిగ్గా అప్పుడే క్యాంపు నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. పెరట్లో అమ్మ కోళ్ల గూడు ఉంది, ట్రాక్టరు పెట్టుకోవడానికి చోటు కావాలి, తీసుకెళ్తావా లేకపోతే పొయ్యిలో పెట్టెయ్యమంటావా అని. అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆమె పోయిన వారంలోనే వదిన కోళ్లన్నీ పంచేసింది. గూడు అప్పట్నుంచీ ఖాళీగా ఉంది. బీరువా అంత పెద్దది, టేకు చెక్క, రెండంతస్తులు, ముందు పుల్లల తలుపు. మా నాన్న చేయించింది. పొయ్యిలో పెట్టొద్దు, నేనే వస్తున్నానన్నాను. మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లి, నలుగురితో ఎత్తించుకుని తెచ్చాను.

దింపుతుంటే మా అత్తగారు గడప మీద నిలబడి చూసింది.

"పీనుగుల బండి లెక్కుంది. నా కండ్ల ముంగట వెట్టద్దని నీ మొగనికి సెప్పు. యెనుక కొట్టంల వెట్టుకొమ్మను."

వెనక కొట్టంలో పెడితే ఏమీ జరిగేది కాదో, అక్కడా అదే జరిగేదో నాకు తెలియదు. ఆమె వద్దన్నది కనక నేను దాన్ని సరిగ్గా వసారాలోనే, ఆమె అరుగును ఆనించి పెట్టించాను. గూడు వీపు అరుగుకు తాకుతూ ఉంది. ఆమె మంచం అక్కడికి రెండడుగులు. కావాలనే చేశాను. పైగా బోధన్ నుంచి ఆకుపచ్చ రంగు డబ్బా తెచ్చి బయటి చెక్కలకు రెండు కోటింగులు వేశాను. ఆ వాసనకు ఆమె మూడు రోజులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది. నాకు హాయిగా ఉండేది.

మార్చి మొదట్లో పిల్లల్ని ఆ గూట్లోకి మార్చాను.

వారం బాగున్నాయి. ఎనిమిదో రోజు పొద్దున తలుపు తీస్తే రెండు లేవలేదు. ఒకటి చచ్చింది, ఒకటి కాళ్లు బారజాపి కూర్చుంది. లేపి నిలబెడితే ఒక పక్కకు ఒరిగింది. మధ్యాహ్నానికి అదీ పోయింది. మర్నాడు మరొకటి. ఆ తర్వాత రోజూ ఒకటో రెండో. మిగిలినవాటి ముఖాలు పాలిపోయాయి. తిండి దగ్గర తోపులాట పోయింది. పగలంతా నీడలో రెక్కలు వాల్చుకుని కునికేవి. కొక్కెర తెగులేమోనని పశువుల డాక్టర్ని పిలిపించాను. ఆయన కళ్లు తిప్పి చూశాడు, రెక్క ఎత్తి చూశాడు.

"నెత్తురు లేదు పిల్లలకు. ఎవడో తాగుతుండు," అన్నాడు. "రెక్కల కింద పురుగు పిల్లలు పట్టుకొని ఉన్నయ్ సూడు. ఈ పొడి చల్లుండ్రి. గూడు కూడ ఒకసారి ఇప్పి సూడుండ్రి."

"గూడు శుభ్రమేనండీ. మా అమ్మగారిది. రంగు కూడా వేశాను," అన్నాను.

ఆయన నా ముఖం చూసి బండి ఎక్కాడు. పొడి చల్లాను. రెండు రోజులు చావులు ఆగాయి. మూడో రోజు మళ్లీ మొదలు.

ఊళ్లో అందరూ తలో మాటా అన్నారు. దిష్టి అన్నారు. హేచరీ పిల్లలంతే, మందుల మీద బతికేవి అన్నారు. మా అత్తగారు గోడతో, "ఐసుల వెట్టిన మందు పొయ్యంగ పొయ్యంగ పసిపానాలు సల్లవడ్డయ్" అన్నది. నేను మాత్రం ఆమెనే అనుమానించాను. ఆమెకు ఇష్టం లేదు. రోజంతా ఇంట్లో ఉండేది ఆమె. నేను దాణా కోసం బయటికి పోయినప్పుడల్లా గూటి దగ్గర తచ్చాడుతుందని పక్కింటివాళ్లు చెప్పారు. ఇంకేం కావాలి?

ఆ రోజు బోధన్ నుంచి అనుకున్నదానికంటే ముందే వచ్చాను. వచ్చేసరికి గూటి ముందు ఒక పిల్ల చచ్చి పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని లేచేసరికి, అవతల పక్క మా అత్తగారు వంగి, పిల్లల నీళ్ల పళ్లెంలో ఏదో కలుపుతోంది.

"ఏం కలుపుతున్నారండీ?"

ఆమె ఉలిక్కిపడింది. అలవాటు కొద్దీ కూతురి కోసం లోపలికి చూసింది. కూతురు డ్యూటీలో ఉంది. దగ్గర్లో ఒక కోడి కూడా లేదు. ఇక నా వంకే తిరగాల్సి వచ్చింది.

"పసుపు. కండ్లు లేవా?"

"మిమ్మల్నెవరు వెయ్యమన్నారు? మీరు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచే ఇవి చస్తున్నాయి."

"ఏమన్నవు?"

"విన్నదే అన్నాను. నేను బాగుపడటం మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు."

ఆమె నడుం పట్టుకుని నిటారుగా లేచింది. అంత పొడుగు మనిషని నాకు అప్పుడే తెలిసింది.

"నేను సంపుతున్ననా? పసిపిల్లలను నేను సంపుతున్ననా? నా ఇంట్ల పండి, నా బిడ్డ కట్టం తినుకుంట, నన్ను ఖూనీకోరు అంటవా? పదారేండ్లకు ఈ ఇంటికచ్చిన. ఇయ్యాల్టి దాంక ఒక్క పానాన్ని ఆకలితోని సంపలే. నువ్వు బాగుపడుడా! ముందుగాల ఆ పిల్లను కింద వెట్టు. సచ్చినదాన్ని చేతుల వట్టుకొని లడాయి ఏంది?"

నేను తగ్గలేదు. నీళ్ల పళ్లెం ఎత్తి ఆమె కాళ్ల ముందే పారబోశాను. పసుపు నీళ్లు ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు. అలాగే నడుచుకుంటూ పోయి మంచం మీద కూర్చుంది.

ఆ సాయంత్రమే వెనక కొట్టంలో మూడు రాళ్లు పెట్టి వేరే పొయ్యి వెలిగించుకుంది. నేను కొన్న బియ్యం ముట్టలేదు. మా ఆవిడ రెండు పొయ్యిల మధ్య తిరిగి తిరిగి నాలుగో రోజున ఏడ్చింది. "ఇటు నువ్వు, అటు అవ్వ. మీ కోళ్ల కన్న ముందు నేను సస్త," అన్నది. నేను క్షమాపణ చెప్పాలన్నది. చెప్పనన్నాను. నిజంగానే ఆమె చేసిందని నమ్ముతున్నాను కదా, ఎందుకు చెప్తాను?

అప్పటికి నా పిల్లలు ఇరవై తొమ్మిదికి దిగాయి. అదే రోజుల్లో మా అత్తగారి ముసలి పెట్ట, మచ్చలది, అరుగు కింది గూట్లో పదకొండు గుడ్ల మీద పొదుగు కూర్చుంది. మేం ఆ ఇంటికి చేరకముందు నుంచీ ఉన్న కోడి అది. పొదుగులో ఉన్న కోడి గుడ్లను వదిలి లేవదు, ఏం కుట్టినా లేవదు. ఇరవయ్యో రోజు పొద్దున ఆమె బండ తీసి చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత దాన్ని రెండు చేతులతో బయటికి తీసింది. తల వేలాడుతోంది. ఎర్రగా ఉండాల్సిన జుట్టు సొరకాయ ముక్కలా తెల్లబడింది. తెచ్చి నేను కూర్చున్న కుర్చీ ముందు పడుకోబెట్టింది.

"తీస్కో. గిది గూడ నేనే సంపిన అని సెప్పు."

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు కలిగింది జాలి కాదు. సంతోషం లాంటిదే. ఆమె పద్ధతి కూడా ఓడిపోయింది అనుకున్నాను. ఆ తర్వాత ఆమె లోపలికి పోయి గుడ్లు ఒక్కొక్కటే తీసింది. రెండు గుడ్లకు లోపలి నుంచి పొడిచిన చిల్లులున్నాయి. పిల్లలు ముక్కు బయటపెట్టి చల్లబడి చచ్చాయి. అది చూశాక ఆ సంతోషం ఏమైందో తెలియదు. ఆ రోజు అన్నం తినలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ తల్లి మోకాళ్లకు నూనె రాస్తోంది. చీర కాస్త పైకి జరిపి, ఆగిపోయింది. మడమల చుట్టూ, పిక్కల మీద ఎర్రని దద్దుర్లు. ఒక్కో దద్దురు మధ్యలో నల్లటి చుక్క.

"గివేంది అవ్వా?"

"దురద. నెల రోజులాయె. నల్లులేమో."

మా ఆవిడ నవారు మంచం ఎండలో వేసి, పట్టెల్లో సలసల కాగే నీళ్లు పోసింది. ఒక్క నల్లి రాలేదు. పరుపు దులిపింది, ఏమీ లేదు. అప్పుడు మంచం ఉన్న చోట నిలబడి, తల్లి కాళ్లు ఎటువైపు ఉంటాయో చూసింది. కాళ్ల వైపు నా ఆకుపచ్చ గూడు ఉంది. లోపలికి పోయి సుత్తీ, స్క్రూడ్రైవరూ తెచ్చి నా ముందు పడేసింది.

"ఇప్పు."

"అది మా అమ్మది."

"మీ అమ్మదైతే పురుగు రాదా? నువ్వు ఇప్పకుంటె నేను గొడ్డలి దెస్త."

పిల్లల్ని గంపల కింద మూసి, గూటిని అరుగు నుంచి ఇవతలికి ఈడ్చాం. అడుగు అంతస్తు వెనక చెక్క సందులో స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొట్టాను. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. చెక్క కిర్రుమంటూ ఊడి వచ్చింది. వెనక ఏమీ లేదు, బూడిద రంగు పూత ఉంది అనుకున్నాను. ఎండ తగలగానే ఆ పూత కదిలింది.

చింతగింజ పొట్టులా అంత పలచగా, అంత ముడతగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. కోడి పిడుదులు, వందలు. చెక్కకూ చెక్కకూ మధ్య, మేకు చుట్టూ, రంగు వేసిన పలక వెనకాల. కొన్ని ఉబ్బి నల్లద్రాక్ష తొక్కలా మెరుస్తున్నాయి. వాటి మధ్య ఇసుక రేణువుల్లా గుడ్లు. వెలుతురుకు భయపడి ఇంకా లోపలి సందుల్లోకి దూరుతున్నాయి. పగలంతా అక్కడ ముడుచుకుని ఉండి, చీకటి పడగానే దిగి, పిల్లల నెత్తురు తాగి, తెల్లారకముందే మళ్లీ ఎక్కేవి. అందుకే నేను పిల్లల ఒంటి మీద ఎంత వెతికినా పెద్ద పురుగు కనపడలేదు. డాక్టరు చెప్పిన మాటలో సగమే నేను విన్నాను.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ప్రతి అమావాస్యకూ ఆమె ఆ గూట్లోంచి కోళ్లను తోలేసి, మరిగే నీళ్లు చెంబుతో సందుసందుకూ పోసేది. తర్వాత కోడి ఈకను కిరసనాయిల్లో ముంచి మేకుల చుట్టూ రాసేది. దాన్ని నేను ఒక వ్రతం అనుకున్నాను. పట్టింపులు ఎక్కువ మనిషి అనుకున్నాను. ఎందుకమ్మా అని ఒక్కసారి అడగలేదు. ఆమె పోయిన నాటి నుంచి నీళ్లు పోసినవాళ్లు లేరు, తాగడానికి నెత్తురూ లేదు. ఏడాదిన్నర ఆ చెక్కల్లో ఎండి, ఆకలితో, చావకుండా కాచుకుని ఉన్నాయి. వాటికి నలభై ఆరు పిల్లల్ని నేను తీసుకెళ్లి అప్పజెప్పాను. అరుగుకు ఆనించి పెట్టాను కనక ఆమె గూట్లోకీ దారి చూపించాను.

మా అత్తగారు కర్ర పట్టుకుని వచ్చి నా పక్కన వంగింది. కళ్లద్దాలు సరిచేసుకుంది. ఒక చీపురుపుల్లతో ఉబ్బిన పురుగొకదాన్ని కిందికి లాగి, బండ మీద పెట్టి, కర్రతో నొక్కింది. చిట్లింది. రూపాయి బిళ్లంత ఎర్రని మరక.

ఆమె కర్ర కొనతో దాన్ని చూపించింది.

"గిది కోడిదా, నాదా?" అన్నది.

నేను మనుషుల్ని ద్వేషించాను, ఆమెనూ కలుపుకుని. కానీ ఆ పురుగుల్ని ద్వేషించినట్టు ఇంకెవరినీ ద్వేషించలేదు. నీళ్లు మరగబెట్టి పోశాను. గ్యాసు మంటతో సందులు కాల్చాను. ఒక చెక్క అయ్యాక ఇంకో చెక్క విప్పితే అక్కడా అంతే. సాయంత్రానికి నా చేతుల మీద కూడా దద్దుర్లు లేచాయి. మా ఆవిడ చివరికి అన్నది, "ఇది సాఫ్ గాదు. కాలవెట్టు." నేను తల అడ్డంగా ఊపాను. మా నాన్న చేయించింది, మా అమ్మ ముప్పై ఏళ్లు వాడింది అన్నాను. మా ఆవిడ తల్లి కాళ్ల మీది దద్దుర్లకు మందు రాస్తూ కూర్చుంది. అది చూసి భరించలేకపోయాను.

మర్నాడు చెరకు కొట్టేసి ఆకు కాల్చిన ఒక మడిలోకి చెక్కలన్నీ మోయించాను. కిరసనాయిలు పోసి అంటించాను. టేకు బాగా మండింది. రంగు నల్లగా బుడగలు కట్టింది. చెక్కల్లోంచి పేలాలు వేగినట్టు టపటప చప్పుడు వచ్చింది. అవి ఏమిటో నాకు తెలుసు. ఒక్కొక్క చప్పుడుకూ కసిగా ఉండేది. ఏడుపు కూడా వచ్చింది. పొగ వల్ల అనుకున్నారు నాతో వచ్చినవాళ్లు.

మా అత్తగారు గట్టు మీద నిలబడి ముక్కుకు కొంగు పెట్టుకుని చూసింది. మంట తగ్గాక నేను ఆమె దగ్గరికి వెళ్లాను. తొమ్మిదేళ్లలో నేను ఆమె దగ్గరికి నడిచి వెళ్లడం అదే మొదలు.

"తప్పు నాదేనండీ," అన్నాను.

"తప్పు ఎవలదో నాకెర్కనే." ఆమె బూడిద వంకే చూస్తోంది. "మీ అవ్వ మంచిదే. కోళ్లను మంచిగ సాకింది. కొడుకును సాకుడే రాలే."

ఇంకో రోజు ఆ మాట అని ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. ఆ రోజు నిలబడి విన్నాను.

"నా గూడు గూడ ఖరాబైంది. దాన్ని తవ్వి మల్ల కట్టు. నువ్వే కట్టాలె, కూలోన్ని పెట్టద్దు," అని చెప్పి ఇంటి దారి పట్టింది.

కట్టాను. మూడు రోజులు పట్టింది. అరుగు అంచు విప్పి, రాళ్లన్నీ బయటికి తీసి, ఒక్కొక్క రాయినీ మంటలో కాల్చాను. పాత మట్టి ఊరి బయట పారబోసి కొత్త మట్టి తొక్కాను. సందులు లేకుండా మెత్తి, సున్నం కొట్టాను. ఆమె మంచం మీద కూర్చుని మూడు రోజులూ తిట్టింది. రాయి వంకరన్నది, మట్టి పలచనన్నది, మా కోస్తావాళ్లకు ఇసుక తప్ప మట్టి తెలియదన్నది. ఇప్పుడు నేరుగా తిడుతోంది, మధ్యలో కోళ్లు లేవు. నేనూ ఊరుకోలేదు. ఇంత నోరున్న మనిషి నెల రోజులు పురుగు కుడుతుంటే ఎందుకు నోరు మూసుకున్నదని అడిగాను. "నీకు సెప్తె నా మీదనే పొడి సల్లుదువు" అన్నది.

మిగిలిన పిల్లల్లో పంతొమ్మిది నిలబడ్డాయి. నేను ఇనుప పైపులతో, జాలీతో కొత్త గూడు వెల్డింగు చేయించి వెనక కొట్టంలో పెట్టాను. పురుగు ఎక్కకుండా దాని నాలుగు కాళ్లూ పాత ఇంజన్ ఆయిల్ పోసిన డబ్బాల్లో ఉంటాయి. పెట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక మా ఆవిడ ఒక గుడ్డు ఉడకబెట్టి తల్లికి ఇచ్చింది. ఆమె దాన్ని వాసన చూసి పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. ఇవాళ్టి దాకా నా కోడి గుడ్డు తినలేదు. వేరే పొయ్యి మాత్రం వానలకు ఆరిపోయింది, మళ్లీ వెలిగించలేదు.

ఈ ఏడు ఇంకో ముప్పై పిల్లల్ని తెచ్చాను. ఆమె పొద్దున్నే కర్ర పట్టుకుని కొట్టంలోకి వస్తుంది. ఒక్కటి తక్కువైతే వాడకట్టు మొత్తానికీ వినబడేలా చాటుతుంది. పోయిన వారం ఒకటి పోయింది. ఎలుక లాక్కుపోయింది, కొట్టం మూల కింద కన్నం ఉంది. నేను గాజు పెంకులు కుక్కి సిమెంటు పూస్తుంటే ఆమె తల మీద నిలబడి చూసింది.

"సిమెంట్ సరిపోదు అది. ఎలుక నవ్వుతది," అన్నది.

నేను ఇంకో తట్ట కలపడానికి లేచాను.